నలభై మూడో సమాధి

మ్వాలా కొండలో ఫోన్లకూ మోటార్లకూ పనికొచ్చే అరుదైన లోహాల ఖనిజం బయటపడి ఆరేళ్లయింది. బోర్లు వేసి చూశారు, అనుమతులు వచ్చాయి, కింది పల్లెవాళ్లకు కొత్త ఇళ్లు కట్టారు. గని మొదలుపెట్టే ముందు వాలులోని నలభై మూడు సమాధులను వేరేచోటికి మార్చాలి. నలభై రెండు కుటుంబాలు ఒప్పుకున్నాయి. ఫెలెసీతా ఒక్కతే ఏడు నెలలు ససేమిరా అంది.

ఆమె భర్త సైజీ జోహన్నెస్‌బర్గ్‌లో బంగారు గని పనికి వెళ్లాడు. పద్దెనిమిదేళ్ల కిందట అతని తమ్ముడు లైటన్ సీలు వేసిన శవపెట్టెతో ఊళ్లో దిగాడు. బండ పడి మనిషి ఆనవాలు లేకుండా పోయాడని, తెరవొద్దని చెప్పాడు. మళ్లీ మనువాడమని మేనమామలు ఎంత పోరినా ఫెలెసీతా వినలేదు. ఏటా వానలకు ముందు వెళ్లి సమాధి మీద గడ్డి పీకేది.

చివరికి ఊరిపెద్ద నచ్చజెబితే, ఎముకలు తన చేత్తోనే కొత్త పెట్టెలో పెడతానని ఒప్పుకుంది.

ఆ ఉదయం మూత లేపారు. లోపల రెండు ఇసుక మూటలు, నాలుగు ఇటుకలు, ఒక దుప్పటి. సమాధి చుట్టూ చేరి పాడుతున్న ఆడవాళ్ల గొంతులు ఠక్కున ఆగిపోయాయి. ఫెలెసీతా గుంటలోకి దిగి, మూట చింపి, మోచేతి దాకా ఇసుకలో దేవింది.

“లైటన్, మనిషేడీ?”

లైటన్ గుంట అంచున కూర్చున్నాడు. అన్నకు అక్కడ ఇంకో సంసారం ఏర్పడిందని, చచ్చాడంటే ఆమె ఇంకొకరిని చేసుకుని సుఖపడుతుందని తనతో ఈ పని చేయించాడని చెప్పాడు.

“పెట్టె మీద పడి నువ్వేడుస్తుంటే నిజం చెప్పడానికి నోరు రాలేదు వదినా.”

“బతికే ఉన్నాడా?”

“మొన్న క్రిస్మస్‌కి ఫోన్ చేశాడు. నువ్వెలా ఉన్నావని అడిగాడు.”

“ఏం చెప్పావు?”

“బాగానే ఉందన్నా.”

ఆమెకు ఏడుపు రాలేదు. ఇద్దరు పట్టుకుని పైకి లాగారు. గని కంపెనీ మనిషి బిక్కమొహం వేసి, ఈవేళ్టికి పని ఆపమంటారా అమ్మా అని అడిగాడు.

“ఏడు నెలలు ఆపింది చాల్లేదా? తవ్వుకోండి,” అంది.

మధ్యాహ్నానికి యంత్రాలు వాలెక్కాయి. ఫెలెసీతా మూడు రోజులు మొక్కజొన్న ముద్ద ముట్టలేదు. నాలుగో రోజు లైటన్ ఇంటికెళ్లి ఫోన్ కలపమంది. అవతల సైజీ హలో అన్నాడు. పద్దెనిమిదేళ్లయినా అదే గొంతు.

“నేను ఫెలెసీతాని. నిన్ను తవ్వి చూశాం. నువ్వు లేవు.”

ఫోన్ లైటన్ చేతిలో పెట్టి, కంపెనీ కట్టించిన, ఇంకా సున్నం వాసన పోని కొత్తింటికి వెళ్లి పొయ్యి వెలిగించింది.