ఇంటిపేరు దగ్గర తెగిన దారి

పెళ్లయి ఇరవై రెండు రోజులు. ప్రవీణకి ఇంకా అన్నీ ముద్దొస్తున్నాయి. కీబోర్డుకి తగిలి గలగలమనే కొత్త గాజులు, భర్త లోహిత్ డబ్బాలో కట్టిచ్చిన మాడు బంగాళదుంప వేపుడు, మొన్న అత్తగారింట్లో అందరూ రక్తం ఇచ్చినప్పుడు ఫారం మీద మొదటిసారి చూసుకున్న "వేమవరపు ప్రవీణ". ఆ రెండు మాటల్నీ ఫోటో కూడా తీసి దాచుకుంది. ఆ రక్తం తన కంపెనీ చేసే జన్యు పరీక్షకే. తోడికోడలు నవనీతకి నాలుగో నెల కాబట్టి ముందుజాగ్రత్తకని చెప్పారు. ఆమె ఉమ్మనీరు కూడా తీశారు.

శుక్రవారం కదా, చాలామంది ఇంటి నుంచే పనిచేస్తున్నారు. హైటెక్ సిటీలోని ఆ అంతస్తులో మనిషి కదలికుంటేనే దీపాలు వెలుగుతాయి. మధ్యాహ్నం రెండింటికి ప్రవీణ నెత్తి మీద ఒక్కటే వెలుగుతోంది.

టీమ్ లీడ్ రాకేశ్ వచ్చి, జన్యువుల వరుసలు చూపించే తమ వెబ్ పేజీ మొండికేస్తోందన్నాడు. పొద్దుటి నుంచి ఎవరి ఫైలు అడిగినా లేదంటోందట.

"ఒక్క మీ ఇంటోళ్లయే మంచిగ తెరుచుకుంటున్నయ్. నువ్వు చూస్తే అభ్యంతరం లేదని సంతకం కూడా పెట్టిండ్రు. జర అవి చూసి మిగిలినయ్ సరిచెయ్. నాలుగింటికి డాక్టరమ్మ మీ నవనీతక్కకు రిజల్ట్ చెప్పాలె."

ప్రవీణ ముందు లోహిత్ ఫైలు తెరిచింది. బూడిదరంగు గీతలు ఒకదాని కింద ఒకటి పేరుకుంటూ వచ్చాయి. ఒక్కచోట మాత్రం పై నుంచి కిందిదాకా ఎరుపు. ప్రతి వరుసలోనూ అక్కడ అక్షరం మారింది. బావగారిది తెరిచింది. అదే ఎరుపు. నవనీతదీ అంతే. ఉమ్మనీటిదీ అంతే. ఆఖరికి తనది తెరిచింది. అక్కడే, అంతే, ఒక్క అక్షరం కూడా తేడా లేదు.

ఆ ఇంట్లో అడుగుపెట్టి నెల కూడా కాలేదు. వాళ్ల రక్తం తనలోకి ఎలా వస్తుంది? తెర మీద ఉన్నది తను కాదు. లోహితూ కాదు. ఇంకెవరో అందరి పేర్లకీ పలుకుతున్నారు. ఆమె గాజుల్ని చేత్తో అదిమి పట్టుకుంది.

కోడ్ చదివితే తప్పు దొరికింది. ఫైలు ఎక్కడుందో చెప్పే దారిలో రెండు మాటల మధ్య ఖాళీ ఎక్కడ వస్తే పేజీ అక్కడే దారిని తెంచేస్తోంది. "వేమవరపు" తర్వాత ఖాళీ. తెగితే మిగిలేది ఇంటిపేరు ఒక్కటే. మిగతా కుటుంబాలకి ఉత్త ఇంటిపేరుతో ఫైలు లేదు. వీళ్లకి ఉంది. ఆ ఫైలు వివరాల్లో మనిషి పేరు రాయలేదు. వయసు తొమ్మిది రోజులని ఉంది.

లోహిత్‌కి ఫోన్ చేసింది. "ఏమండీ, మనింట్లో పేరు లేనిదెవరికి?"

గచ్చిబౌలి బస్సుల హోరు నుంచి అతను పక్కకి జరిగాడు.

"వదిన మొదటి బాబు," అన్నాడు. "పోయినేడు. బారసాల దాకా ఉండలేదు. కొత్తకోడలికి చెప్పొద్దంది అమ్మ."

ప్రవీణకి విషయం అర్థమైంది. ఆ మార్పు తల్లిదండ్రులిద్దరి నుంచీ వస్తేనే బిడ్డ దక్కదు. ఒకరి నుంచే వస్తే సగం వరుసలే ఎర్రబడతాయి, బిడ్డ మామూలుగా పెరుగుతుంది. పేజీని ఇలాగే వదిలేస్తే, నాలుగింటికి డాక్టరు పోయిన బాబు ఫైలుని చూసి పుట్టబోయే బిడ్డ సంగతి చెబుతుంది. సరిచేశాక కూడా ఎరుపు అలాగే నిలిస్తే? ఆ మాట లోహిత్‌తో అనలేకపోయింది.

దారి మొత్తం ఒక్కటిగా వెళ్లేలా నాలుగు లైన్లు మార్చింది. మూడూ నలభైకి కొత్త పేజీ నడిచింది. తన ఫైలంతా బూడిదరంగే. లోహిత్‌దీ అంతే. బావగారిది సగం ఎరుపు, నవనీతదీ సగమే.

ఉమ్మనీటి ఫైలు నెమ్మదిగా దిగింది. మొదటి వరుస ఎరుపు. రెండోదీ, మూడోదీ, నాలుగోదీ ఎరుపే. ఐదోది బూడిద. ఆరోదీ బూడిదే. కిందిదాకా లెక్కపెట్టి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. సగం.

ఫోన్ మోగింది. ఆసుపత్రికి చేరానన్నాడు లోహిత్, వదినతో ఏమైనా చెప్పమంటావా అని అడిగాడు.

"డాక్టరమ్మే చెప్తారు. మీరు అక్క పక్కన కూర్చోండి."

తెర మీద రెండు ఫైళ్లు పక్కపక్కనే తెరిచి ఉన్నాయి, పేరు లేని బాబుదీ, ఇంకా పుట్టని బిడ్డదీ. ఒకదాంట్లో నిండుగా, ఒకదాంట్లో సగంగా, ఎరుపు మాత్రం సరిగ్గా ఒకేచోట నిలబడి ఉంది.