చీము పట్టని గాయం

గాజు మీద చినుకులు.

ఎండిన నేలపై తొలి వాన రాలినట్టు... ఇక్కడొకటి, అక్కడొకటి. మిణుకుమనే నెత్తుటి తెల్లకణాలు. గాజుపలకపై గీసిన నాలుగు గదులలో వాటిని లెక్కించడమే ల్యాబ్ టెక్నీషియన్ పని. ఆమె మైక్రోస్కోప్ మీదికి వంగింది.

మొదటి గది — నాలుగు.

రెండోది — మూడు.

మూడోది... ఐదు.

నాలుగోది — ఆరు.

గదికి ముప్ఫై ఉండవలసిన చోట. మొత్తాన్ని యాభైతో హెచ్చిస్తే తొమ్మిది వందలు; ఆరోగ్యవంతులకు ఆరువేలు.

ఆ రక్తం బల్లకు అవతల కూర్చున్న మనిషిది. చెప్పుల ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా అట్టలకు జిగురు పూస్తున్న మనిషి. తోటివారికి ఆమె జిగురమ్మ. వారం రోజులుగా విడవని జ్వరం. చూపుడువేలిపై కత్తి కోసిన గాయం.

“చూడండక్కా, పది రోజులైనా చుక్క చీము పట్టలేదు. నా ఒళ్లు అంత మంచిది!” అని ఆమె నవ్వింది. “మా ఆయనేమో, నీ ఒంట్లో రక్తం ఎక్కడుందే, ఉన్నదంతా జిగురే కదా అంటాడు.”

టెక్నీషియన్ నవ్వలేదు.

చీము అంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఆ తెల్లకణాలే. ఎముక లోపలి మూలుగలో పుట్టి, నెత్తుటి వాగులో కొట్టుకొచ్చి, గాయం చూడగానే గట్టు దాటి పరుగెత్తి, క్రిములను మింగి, అక్కడే ప్రాణం విడిచినవారు. పిలవకుండా వచ్చినవారు.

ఈ గాయానికి ఎవరూ రాలేదు.

రావడానికి ఎవరూ మిగలలేదు.

జిగురు ఆవిరి మూలుగలోని ఆ ఊటను లోలోపలే ఎండగట్టింది.

ఏడాదికోసారి ఫ్యాక్టరీ తన పనివాళ్లందరినీ ఒకే రోజున ఈ ల్యాబ్‌కు రక్తపరీక్షకు పంపేది. నూట నలభై మంది. సాయంత్రానికి పని తెమలాలి. అందుకని ల్యాబ్‌లో ఒక అలవాటు. ఒక్క గది లెక్కించి, నాలుగింతలు చేయడం. ఒక మూల తడిస్తే నేలంతా తడిసినట్టు రాసుకోవడం.

పోయినేడు జిగురమ్మ కాగితంపై — ఏడువేలు. కింద టెక్నీషియన్‌గా సంతకం... తనదే.

ల్యాబ్ యజమాని పక్కకు వచ్చి గొంతు తగ్గించాడు. “పోయినేడు ఏడువేలిచ్చి ఇప్పుడు తొమ్మిదొందలంటే, ఫ్యాక్టరీ వాళ్లు మన మీద పడతారు మేడమ్. శాంపిల్ పాడైందని రాయండి. వచ్చే నెల రమ్మందాం.”

వచ్చే నెల.

అంతవరకు ఈ మనిషి ఉండాలి కదా.

టెక్నీషియన్ కలం తీసింది. తొమ్మిది వందలు అని రాసింది. దాని కింద మరో వాక్యం: గత సంవత్సరం నేను ఒక్క గదినే లెక్కించాను, ఆ నివేదిక నమ్మదగినది కాదు. సంతకం చేసింది. కాగితాన్ని ఫ్యాక్టరీ కవరులో పెట్టలేదు. జిగురమ్మ చేతిలో పెట్టింది.

“ఇంటికి కూడా పోవద్దు, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లు. ఆ జిగురు మళ్లీ ముట్టుకోకు. తప్పు నాది తల్లీ. నాలుగు గదులూ చూడాల్సింది, ఒక్కటే చూశాను.”

జిగురమ్మ ఆ వాక్యాన్ని వేలితో కూడబలుక్కుని చదివింది. నవ్వు ఎక్కడో జారిపోయింది.

“అయితే... పోయినేడు కూడా ఇంతేనా అక్కా? అప్పుడే తెలిసుంటే మానేసేదాన్ని కదా?”

టెక్నీషియన్ పోయినేటి రిజిస్టరు తెరిచింది. ఒకే గది అంకె: ముప్ఫై ఐదు.

మిగిలిన మూడు గదులు — ఏ కన్నూ పడకముందే కడిగేసిన గాజు.

అక్కడ చినుకు రాలిందో...

అప్పటికే నేల ఎండిందో...