లోడు మీద మనిషి

ఎక్కమని ఎవరూ అనలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత అందరూ పట్టుకు వేలాడింది ఈ మాటనే.

మా పని తోటలు శుభ్రం చేయడం. పెద్ద ఇళ్ల వెనక అడవిలా పెరిగిన కంచెలు కొట్టేయడం, గాలివానకు పడిన చెట్లు కోయడం, ఆ కొమ్మలూ విరిగిన కుండీలూ తుప్పుపట్టిన కుర్చీలూ లారీకెత్తి డంపు యార్డులో పారబోయడం. కొమ్మలు లారీలో బుద్ధిగా కూర్చోవు, పైకి పొంగుతాయి. వాటిని అణచాలంటే తాళ్లు కావాలి, కప్పడానికి వల కావాలి, లేదంటే రెండో ట్రిప్పు వేయాలి. కంట్రాక్టరు దగ్గర ఆ మూడూ లేవు. మనుషులు మాత్రం కావలసినంతమంది ఉన్నారు. అందుకని లోడు మీద ఒక మనిషి బోర్లా పడుకుని, యార్డు దాకా తన ఒంటి బరువుతో దాన్ని అణచిపెట్టాలి. లోడు నిండగానే డ్రైవరు రెండుసార్లు హారన్ కొడతాడు, ఎవరో ఒకరు ఎక్కుతారు. అంతే.

ఎక్కువగా ఎక్కేది తూనీగ. సన్నటి మనిషి, ఒకచోట నిలవదు, అందుకే ఆ పేరు. "పైన గాలి బాగుంటుంది, మీ చెమట కంపు ఉండదు" అని మమ్మల్ని ఏడిపించేది. ఆమె మా డ్రైవరన్నకు స్వయానా మరదలు, భార్య చెల్లెలు. ఆమెను ఈ పనిలో పెట్టించింది కూడా ఆయనే.

ఆ రోజు యార్డు మలుపులో ఎదురుగా మోటారు సైకిలు దూసుకొచ్చింది. డ్రైవరన్న బ్రేకు తొక్కాడు. కొమ్మలతోపాటు తూనీగ జారి తారురోడ్డు మీద పడింది. మేం వెనక బండిలో ఉండి కళ్లారా చూశాం. ఆమె లేవబోయింది. చేతులు లేచాయిగాని నడుం కింద ఏదీ కదల్లేదు. "బావా, నా కాళ్లేవీ?" అని అడిగింది. కాళ్లు అక్కడే ఉన్నాయి.

సాయంత్రం కంట్రాక్టరు ఆసుపత్రి వరండాలోకి వచ్చి డ్రైవరన్న భుజం మీద చెయ్యేశాడు.

"ఎల్లుండి లేబరాఫీసరు వస్తాడు. ఆ పిల్లే ఎక్కిందని చెప్పు. నిన్ను అబద్ధమాడమనట్లేదు కదా? ఎక్కమని నువ్వన్నావా? నేనన్నానా?"

"లేదు సార్."

"మరింకేం? నీ బండి నీకే ఉంటుంది."

డ్రైవరన్న తల దించుకున్నాడు. మేమూ దించుకున్నాం. నిజం చెప్పొద్దూ, ఆ మాట మాకూ హాయిగానే ఉంది. ఎవరూ ఎక్కమనలేదు కాబట్టి ఎవరి తప్పూ లేదన్నమాట! గుండెల మీద బరువు దింపుకోవడానికి మనిషి ఎంత సులువైన దారి వెతుక్కుంటాడో ఆ వరండాలో తెలిసింది.

మర్నాడు మళ్లీ పని. లోడు నిండింది, హారన్ రెండుసార్లు మోగింది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేనెక్కాను. యార్డు మలుపు వచ్చినప్పుడు కళ్లు మూసుకుని ఒక కొమ్మను గట్టిగా కరుచుకుపోయాను. పైన గాలేమీ బాగాలేదు.

పని దిగాక డ్రైవరన్నా నేనూ ఆసుపత్రికి వెళ్లాం. ఆయన భార్య మంచం పక్కన కూర్చుని ఉంది. మొగుడితో మాట్లాడటం మానేసింది. "మీ డ్రైవరుగారిని కాస్త పక్కకి జరగమను, గాలి ఆడట్లేదు" అంది నాతో.

తూనీగ మాత్రం నవ్వింది. "బావా, నేనే ఎక్కానని చెప్పెయ్. నీ పని కూడా పోతే అక్క ఏం తింటుంది?"

ఆయన "ఊ" అన్నాడు. అది ఒప్పుకోవడమో మూలుగో తెలియలేదు.

"అవునూ, ఇవాళ నా చోట ఎవరెక్కారు?" అని అడిగింది తూనీగ.

"నేనే" అన్నాను.

ఆమె మొహంలో నవ్వు పోయింది. డ్రైవరన్న భార్య మొట్టమొదటిసారి ఆయన వైపు తిరిగింది.

"ఇవాళ కూడా హారన్ కొట్టావా?"

"అలవాటు... చెయ్యి దానంతటదే పోయింది."

"చేతికి తెలీదు. నీకు తెలుసుగా?"

ఆ రాత్రి ఆయన పడుకున్నాడో లేదో మాకు తెలీదు. పొద్దున్నే, ఆఫీసరు రాకముందు, బండ్లు నిలిపే కంట్రాక్టరు షెడ్డులో అందరం గుమిగూడాం. "తప్పు నాదే. నన్ను జైల్లో పెట్టమని చెప్తా. మీరెవరూ ఏం మాట్లాడకండి" అన్నాడు డ్రైవరన్న. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"అదే మంచిది. అందరి పనులూ పోగొట్టుకుంటామా? నోరు మూసుకుందాం" అన్నాడు క్లీనరు.

"నోరు మూసుకునే కదా దాన్ని పడేశాం!" అని లేచింది రంపమక్క. మా ముఠాలో చెట్లు కోసేది ఆమే. నోరు కూడా అంత పదును. "ఒరే తమ్ముడూ, తప్పు నీదే, కాదనను. నాదీ ఉంది. దానికన్నా ముందు ఆ లోడెక్కింది నేనే కదా? నేనెక్కబట్టే అది మామూలైపోయింది. అయితే ఇప్పుడు నువ్వు తప్పంతా నెత్తినేసుకుని లోపలికి పోతే, వాడు హాయిగా ఇంకో డ్రైవర్ని పెట్టుకుంటాడు. రేపు ఇంకోళ్ల నడుం విరుగుతుంది. నీ తప్పు నువ్వు చెప్పు. సగంలో ఆగకు. తాడు ఎందుకు లేదో కూడా చెప్పు."

"నా మాట నమ్ముతారా?"

"నమ్మేలా చెప్పు!" అన్నాం నలుగురం ఒక్కసారే.

ఆఫీసరు వచ్చాడు. కంట్రాక్టరు కుర్చీ వేయించి, మంచినీళ్లు తెప్పించాడు. "ఎక్కమని ఆమెకి ఎవరైనా చెప్పారా?" అని అడిగాడు ఆఫీసరు.

"నోటితో ఎవరూ చెప్పలేదండి" అన్నాడు డ్రైవరన్న.

కంట్రాక్టరు తృప్తిగా తలాడించాడు. మా ప్రాణం ఉసూరుమంది.

డ్రైవరన్న నడుచుకుంటూ తన లారీ దగ్గరికి వెళ్లాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి రెండుసార్లు హారన్ కొట్టాడు.

షెడ్డు ఆవరణకు అవతలి కొసన, నిన్నటి లోడుతో యార్డుకు బయల్దేరబోతూ ఇంకో ముఠా బండి ఉంది. అక్కడివాళ్లకు ఈ గొడవ ఏమీ తెలియదు. హారన్ వినగానే వాళ్లలో ఒకడు చెప్పులు విడిచి, లోడు మీదికి పాకడం మొదలుపెట్టాడు. ఎవరు కొట్టారని తలైనా తిప్పలేదు.

"చూశారా, ఇదండీ చెప్పడం" అన్నాడు డ్రైవరన్న. "ఆ రోజు ఇలా చెప్పింది నేను. నా మరదలికి చెప్పాను. మర్నాడు కూడా చెప్పాను. నాతో చెప్పించింది ఈయన. తాడడిగితే, మనుషులుండగా తాడెందుకురా అన్నాడు!"

"అన్నాడు! మేం విన్నాం!" అని షెడ్డు షెడ్డంతా అరిచింది. రంపమక్క అవతలి బండి వైపు పరుగెత్తింది. "దిగరా నాయనా, దిగు! ఇంకెప్పుడూ ఎక్కకు!"

ఆఫీసరు కంట్రాక్టరు మొహం వైపు చూసి, ఆ చివరి మాట రాసుకోకుండానే కలానికి మూత పెట్టాడు.

మధ్యాహ్నానికి పోలీసు జీపు వచ్చింది. బండి నిర్లక్ష్యంగా నడిపాడని డ్రైవరన్నను తీసుకెళ్లడానికి. కంట్రాక్టరును ఎవరూ ఏమీ అడగలేదు. జీపు ఎక్కుతూ డ్రైవరన్న మా వైపు తిరిగాడు.

"నా తప్పుకి నేను వెళ్తున్నా. దానికి బాధలేదు. ఆయన తప్పు మీ దగ్గర వదిలేసి వెళ్తున్నా. జారిపోనివ్వకండి."

ఆయన భార్య ఆసుపత్రి నుంచి పరుగున వచ్చింది. "వెళ్లు. చెల్లిని నేను చూసుకుంటా. ఇక్కడ వీళ్లున్నారు" అంది, సూటిగా ఆయనతోనే.

మర్నాటి పొద్దున లారీలో కొత్త డ్రైవరు కూర్చుని ఉన్నాడు. కుర్రాడు, పనికి కొత్త. మేం లోడు నింపి, కింద వరసగా నిలబడ్డాం. అవతలి ముఠా కూడా వచ్చి మాతో కలిసింది. కంట్రాక్టరు గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

హారన్ రెండుసార్లు మోగింది.

నా కాలు ముందుకు పడబోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. రంపమక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎవరూ ఎక్కలేదు.

మళ్లీ మోగింది. "చెవులు పనిచెయ్యట్లేదా?" అని కంట్రాక్టరు అరిచాడు. కొత్త డ్రైవరు దిగి, వెనక్కి వచ్చి, పొంగిపోయి ఉన్న కొమ్మలను చూశాడు.

"ఇదిలా వదిలేస్తే ఎవరిమీదో పడుతుంది. తాడేదీ?" అన్నాడు.

"అదే మేమూ అడుగుతున్నాం. ఇటొచ్చి నిలబడు" అంది రంపమక్క.

అతను ఒకసారి గేటు వైపు చూశాడు. వెళ్లి ఇంజను ఆపి, వచ్చి మా పక్కన నిలబడ్డాడు.