ఎత్తి కొట్టని కాళ్ళు

నాకు కోపం ఎక్కువ. ముప్ఫై ఏళ్ళుగా మా ద్వీపం పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను కాబట్టి ఆ కోపానికి పని కూడా ఎక్కువే. మేం ఆడేది రేవు పక్కన సిమెంటు గచ్చు మీద. ఒక గోలు వెనక రాతిగోడ, రెండో గోలు వెనక సముద్రం. మొదటి ఏడాదే బంతులన్నీ నీళ్ళపాలయ్యేసరికి ఒక రూలు పెట్టాను: బంతిని సముద్రంలోకి కొట్టినవాళ్ళే దూకి తేవాలి. జనవరి అయినా సరే, ఉత్తరపు గాలి ఎముకలు కొరికేస్తున్నా సరే. బంతులు పోవడం ఆగిపోయింది. ఊరంతా నన్ను మెచ్చుకుంది, నేనూ తెగ మురిసిపోయాను.

ఒక ఫిబ్రవరిలో, సముద్రం అవతలి ఒడ్డున ఉన్న స్ప్లిట్ నగరంలో బాలికల జట్టుకు ఎంపికలు పెట్టారు. నా దగ్గర ఆడే పిల్ల టోంకాకు అదే ఆఖరి అవకాశం. ఏప్రిల్‌లో దానికి పద్నాలుగేళ్ళు నిండుతాయి. ఆ పైన అబ్బాయిల జట్టులో ఆడనివ్వరు, మా ద్వీపంలో అమ్మాయిల జట్టే లేదు. ఎంపికైతే వారం వారం స్ప్లిట్ వెళ్ళి ఆడుతుంది, కాకపోతే బూట్లు అటకెక్కుతాయి.

"ఈసారి పోతే ఇంకేం లేదు బాబాయ్," అంది ఒకరోజు.

"ఏడుపు మొహం పెట్టకు, పరిగెత్తు," అన్నాను. నాకు చేతనైన ఓదార్పు అదే.

ఎంపికలకు ఇంకా పది రోజులుందనగా రోకో వచ్చాడు. స్ప్లిట్‌కు తిరిగే ఓడ మీద తాళ్ళు కట్టే పని వాడిది. నా చేతికింద ఆడిన పిల్లల్లో వాణ్ణి మించినవాడు లేడు. పద్దెనిమిదేళ్ళ కిందట ఎంపికలకు తీసుకెళ్తే తిప్పి పంపేశారు. అసలు నేను తీసుకెళ్ళిన ఏడుగురినీ అలాగే పంపేశారు. స్ప్లిట్ వాళ్ళకు ద్వీపం వాళ్ళంటే చిన్నచూపని నేను తిట్టిపోయని రోజు లేదు.

గచ్చు అంచున నిలబడి టోంకా ఆట కాసేపు చూశాడు రోకో.

"బాబాయ్, గోలు ముందుకొచ్చి కూడా ఈ పిల్ల బంతి పక్కవాడికే ఇచ్చేస్తోంది, చూశావా?"

"మంచిదేగా! స్వార్థం లేదు."

"స్వార్థం సంగతి కాదు, అది భయం. ఆ రోజు నాకూ అదే చెప్పారు, కొట్టాల్సిన చోట కొట్టలేదని. కొడదామనే అనుకున్నా బాబాయ్. కాలు లేవలేదు. ఎదురుగా ఉన్నది గడ్డే. నాకు మాత్రం సముద్రమే కనిపించింది."

"ఆ మాట అప్పుడే చెప్పి ఏడవొచ్చుగా దద్దమ్మా!"

"నీకు చెప్పే ధైర్యం ఎవడికుంది?"

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. ఆరేళ్ళ వయసు నుంచి ఈ గచ్చు మీద పెరిగిన పిల్లలు బంతిని నేలకు అంటించి అద్భుతంగా ఆడతారు. పైకి ఎత్తి బలంగా కొట్టడం ఒక్కరికీ రాదు. ఆ భయం నేర్పింది నేనే.

ఆ పూటే రూలు తీసేశాను. అయితే ఏం లాభం, టోంకా కాలికి ఆ సంగతి తెలియలేదు. గోలు వెనక పాత చేపల వల కట్టాను. బంతి మోకాలెత్తు దాటలేదు.

"వల ఉంది కదే, కొట్టవే!"

"కొడుతూనే ఉన్నా బాబాయ్, లేవట్లేదు!"

మూడో రోజు నాకు తిక్క రేగింది. వల పీకేసి, రోకో పడవ ఎక్కి, గోలుకు సూటిగా నీళ్ళలోకి వెళ్ళి, నెత్తిన సూప్ గిన్నె బోర్లించుకుని నిలబడ్డాను. తెడ్లు రోకో పట్టుకున్నాడు.

"నా తల పగలగొట్టు చూద్దాం! మీ నాన్నమ్మ కూడా నీకన్నా గట్టిగా తంతుందే!"

పిల్ల మొహం ఎర్రబడింది. పళ్ళు బిగించి తన్నింది. బంతి గోలు మీంచి లేచి, మా పడవ కూడా దాటి ఎక్కడో పడింది. పిల్లలందరూ నోళ్ళు తెరిచారు. టోంకా అప్పుడే బూట్లు విప్పుతోంది, దూకడానికి.

"ఆగు! దూకావంటే చంపేస్తా! తెచ్చేది మేము, కొట్టేది నువ్వు. ఇంకోటి కొట్టు!"

అప్పట్నుంచి రోజుకు వంద బంతులు. గిన్నెకు సొట్టలు పడ్డాయి, నాకు జలుబు చేసింది, రోకో చేతులు బొబ్బలెక్కాయి. టోంకా మాత్రం ఒక్క రోజూ మానలేదు, ఇక చాలని ఒక్కసారీ అనలేదు.

ఎంపికలకు అరవై మంది అమ్మాయిలు వచ్చారు. మా పిల్ల వీపు మీద నంబరు ముప్ఫై ఒకటి. పిల్లల్ని ఎంచే వెస్నా అనే ఆవిడ నన్నూ, రోకోనూ, పిల్లల వెంట వచ్చిన మిగతా పెద్దవాళ్ళనూ కంచె అవతల నిలబెట్టింది.

"బయట్నుంచి ఎవరు అరిచినా సరే, వాళ్ళ పిల్లని ఇంటికి పంపేస్తా," అంది.

నాకంటే పెద్ద శిక్ష ఎవరికి పడుతుంది! మఫ్లర్ నోట్లో కుక్కుకున్నాను.

మొదటి అవకాశం వచ్చింది. టోంకా బంతి పక్కపిల్లకు ఇచ్చేసింది. నా ప్రాణం ఉసూరుమంది. రోకో నా మోచెయ్యి నలిపేస్తున్నాడు. రెండోది ఇరవై మీటర్ల దూరంలో దొరికింది. ఈసారి కొట్టింది. బంతి గోలు మీంచి, కంచె మీంచి పోయి ఎవరిదో కారు మీద పడింది. అమ్మాయిలు పగలబడి నవ్వారు. టోంకా రెండడుగులు కంచె వైపు వేసింది, తెచ్చివ్వడానికి.

"వద్దు తల్లీ, వద్దు," అన్నాడు రోకో గొంతులోనే.

ఆగింది. వెనక్కి తిరిగింది. చెయ్యెత్తి మళ్ళీ బంతి అడిగింది. నవ్వినవాళ్ళ వైపు చూడనైనా చూడలేదు. అయిదు నిమిషాల తర్వాత అదే దూరం నుంచి మళ్ళీ కొట్టింది. గోలుకీపర్ వేళ్ళకు తగిలి, పై కమ్మీకి కొట్టుకుని, లోపల పడింది.

వెస్నా ఎంపికైనవాళ్ళ నంబర్లు పన్నెండు చదివింది. తొమ్మిదోది ముప్ఫై ఒకటి. టోంకా కేక స్ప్లిట్ రేవు దాకా వినిపించి ఉంటుంది. నేను ఏడ్చాను, దాచుకోలేదు. రోకో నవ్వుతున్నాడు గానీ వాడి చూపు ఆ ఖాళీ గోలు మీంచి కదలడం లేదు.

"రోకో, నీ విషయంలో తప్పు నాదిరా," అన్నాను. "మిగతా ఆరుగురి విషయంలోనూ."

వాడు టోంకా సంచి తీసి భుజాన వేసుకున్నాడు.

"తెలుసు బాబాయ్," అన్నాడు. "పద్దెనిమిదేళ్ళ నుంచీ తెలుసు. పద, పిల్లకి ఆకలేస్తుంటుంది."