ముక్కల పట్టిక

పుస్తకం బావమరిదే కాజేశాడు. ఇందులో అనుమానానికి తావు లేదు. పదకొండేళ్ళుగా లేదు.

ఎర్ర అట్ట, నాలుగు వందల పేజీలు. కంప్యూటర్‌లో రాసుకోవడానికి, దిద్దుకోవడానికి వాడే ప్రోగ్రామును, అంటే ఎడిటర్‌ను, పునాది నుంచి ఎలా కట్టాలో చెప్పే పుస్తకం. పల్లె బడిలో పది దాకా చదివి, అచ్చాఫీసులో సీసం అక్షరాలు పేరుస్తూ బతికిన కంపోజిటర్, నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని ఆ పుస్తకంతో కుస్తీ పట్టాడు. పట్టి, సొంతంగా ఒక ఎడిటర్ తయారుచేశాడు. మూతపడే దాకా అచ్చాఫీసు దాంతోనే నడిచింది. మూతపడ్డాక కూడా ఆయన ఇంట్లో కూర్చుని దానికి మెరుగులు దిద్దుతూనే ఉన్నాడు.

బావమరిది కంప్యూటర్ క్లాసు నడుపుతాడు. "బావా, ఓసారి ఇస్తావా, వారంలో తెచ్చిస్తా" అని రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ లేదనిపించుకున్నాడు. మూడోసారి చేతిసంచీతో వచ్చి, అక్క ఇచ్చిన టీ తాగి వెళ్ళాడు. ఆ సాయంత్రం అరలో పుస్తకం లేదు. ఇంక విచారణ దేనికి?

మర్నాడు కంపోజిటర్ నేరుగా క్లాసుకే వెళ్ళాడు. ముప్పైమంది విద్యార్థుల ముందు నిలబడ్డాడు.

"పుస్తకం తియ్."

"ఏ పుస్తకం బావా?"

"సంచీలో పెట్టుకుపోయింది."

"నేను తీయలేదు. అక్క మీద ఒట్టు."

"దొంగతనం చాలక దానికి తోడు ఒట్టొకటా?"

అంతే. ఆ తర్వాత మాటల్లేవు. రెండేళ్ళ క్రితం భార్య పోయినప్పుడు బావమరిది పొద్దుటి నుంచి గేటు బయట ఎండలో నిలబడ్డాడు. లోపలికి రమ్మని కంపోజిటర్ అనలేదు. చావు చావే, పుస్తకం పుస్తకమే.

ఇప్పుడు ఇంట్లో ఒక కంచం, ఒక గ్లాసు. రేడియో పెడితే పక్కగదిలో మనిషి ఉన్నట్టనిపిస్తుంది. అందుకే పెట్టడు. చొక్కా గుండీ ఊడితే సూది ఎక్కడుందో తెలియక పిన్నీసుతో సరిపెట్టుకుంటాడు. ఒక రోజంతా నోరు విప్పలేదని, మర్నాడు పాలవాడిని పిలవబోతే గొంతు పెగలనప్పుడు తెలుస్తుంది.

ఆ వేసవిలో పాత కంప్యూటర్ ప్రాణం విడిచింది. రిపేరు మనిషి దాని పొట్ట కోసి, లోపలి ఫైళ్ళన్నీ బయటికి లాగి, ఇంకో కంప్యూటర్‌లోకి ఎక్కించాడు.

"పెద్దాయనా, అన్నీ వచ్చాయి. కానీ ఒక్కటీ తెరుచుకోవట్లేదు. ఇది ఏ కంపెనీ సాఫ్ట్‌వేరు?"

"నాది."

"మీదంటే?"

"నాదంటే నాదే. కంపెనీవాడు చేసుంటే ఈపాటికి చెత్తకుప్పలో ఉండేది."

"ఇప్పుడు మాత్రం ఎక్కడుందేమిటి?" అన్నాడు రిపేరు మనిషి, చేతులు తుడుచుకుంటూ.

ఫైళ్ళు దాదాపు అన్నీ అచ్చాఫీసువి. ఒక్కటి కాదు. దాని పేరు 'ఇల్లు'. అది కంపోజిటర్ పెట్టిన పేరు కాదు. ఆఖరిసారి దాన్ని ముట్టుకున్న తేదీ భార్య పోవడానికి ఇరవై రోజుల ముందుది. ఆమె ఇంట్లోనే ప్రూఫులు దిద్దేది, ఆ కంప్యూటర్ మీదే. పనైపోయాక కూడా ఇంకాసేపు టకటకమని చప్పుడు వినిపించేది. ఏం రాస్తున్నావని ఆయన ఏనాడూ అడగలేదు. ఇప్పుడు అది చదవకుండా పోతే, తన ఇంట్లో తనకు తెలియని గది ఒకటి తాళం వేసినట్టే ఉండిపోతుంది.

తాళం ఎవరో వేసింది కాదు, తను వేసిందే. ఆయన కట్టిన ఎడిటర్ రాసిన అక్షరాన్ని ఎన్నడూ చెరపదు. కొత్తగా రాసినదాన్ని చివరికి చేరుస్తుంది. ఏ ముక్క తర్వాత ఏ ముక్క చదవాలో విడిగా ఒక పట్టికలో రాసుకుంటుంది. వాక్యం కొట్టేస్తే పట్టికలోంచి ఆ ముక్క ఊసు పోతుంది కానీ, ముక్క మాత్రం ఫైల్లో ఒక మూల పడి ఉంటుంది. పని పూర్తయిన రోజున భార్యను పిలిచి మరీ చూపించాడు.

"ఇందులో కొట్టేసిందేదీ పోదు. పక్కన పెట్టుకుంటుందంతే."

ఆమె తెర వంక కాసేపు చూసి, "అచ్చం మీలాగే" అంది.

ఆయన అది మెచ్చుకోలు అనుకున్నాడు.

ఫైల్లో ప్రతి అక్షరం ఒక అంకెగా ఉంటుంది. ఆ అంకెలు ఆయనకు చేతివేళ్ళలోనే ఉన్నాయి. సీసం అక్షరాల పెట్టెలో ఏ అక్షరం ఎన్నో గడిలో ఉండేదో, అదే దాని అంకె. చిక్కల్లా వరుసతోనే. ఫైలు నిండా చిన్నచిన్న ముక్కలు చెల్లాచెదురుగా ఉన్నాయి. సగం మాట ఇక్కడ తెగితే మిగతా సగం ఎక్కడ అతుక్కుంటుందో పట్టిక చెప్పాలి. ఆ పట్టిక అమరిక పుస్తకంలో ఒకలా ఉంటే, ఈయన తన తెలివి కొద్దీ దాన్ని మార్చాడు. మార్చినది ఏడో అధ్యాయం అంచున పెన్సిల్‌తో రాసుకున్నాడు. ఆ ఎడిటర్ చచ్చిన పాత యంత్రం మీద తప్ప నడవదు. ప్రోగ్రాము రాసిన కాగితాలను చెదపురుగులు ఎప్పుడో చదివేశాయి.

బావమరిదిని అడగడమనేది కలలోని మాట. వేరే మంచి పుస్తకాలు చదివితే తన లెక్క తనకే గుర్తు రాకపోతుందా అనుకుని గ్రంథాలయానికి వెళ్ళాడు.

"టెక్స్ట్ ఎడిటర్ల పుస్తకాలు కావాలి."

"వాడటం నేర్చుకోడానికా అండీ?" అంది గ్రంథాలయం ఆవిడ.

"కట్టడానికి."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి చూసింది. "ఈ వయసులోనా?"

"ఇంత వయసులోపే చదవాలని అట్ట మీద రాసుంటే చెప్పండి, వెళ్ళిపోతాను."

ఆవిడ నవ్వి లోపలికి వెళ్ళి నాలుగు పుస్తకాలు తెచ్చింది. మూడు ఆయన ఊహించినట్టే ఉన్నాయి. ఏ మీట నొక్కితే ఏమవుతుందో చెప్పేవి. కుండ చేయడం నేర్పమంటే నీళ్ళు ఎలా తాగాలో చెప్పే రకం. నాలుగోది చిన్న పుస్తకం. రాసినవాడు తను కట్టిన ఎడిటర్ ఎక్కడెక్కడ కూలిందో, తను ఎక్కడెక్కడ మూర్ఖుడయ్యాడో అధ్యాయానికొకటి చొప్పున ఒప్పుకున్నాడు. కంపోజిటర్ దాన్ని రెండుసార్లు చదివాడు. మంచి పుస్తకం. ఈ మధ్యకాలంలో ఆయన దేన్నైనా మంచిదనడం అదే మొదలు. ఒకచోట ఆనందం పట్టలేక, "ఇదిగో, విన్నావా" అని తలెత్తాడు. ఎదురుగా ఖాళీ కుర్చీ, దాని మీద ఆరబెట్టిన తువ్వాలు.

కానీ తన పెన్సిల్ గీతలు అందులో ఎందుకుంటాయి?

చివరికి పాత పుస్తకాల కొట్టుకు వెళ్ళాడు. కొట్టాయన దగ్గర ఒక పొడుగాటి నోటుబుక్కు ఉంటుంది. ఎవరికి ఏ పుస్తకం కావాలో అందులో రాసి ఫోన్ నంబరు ఇచ్చి పోతే, అది చేతికొచ్చిన రోజున కబురు పెడతాడు. పదేళ్ళు పట్టినా సరే, పెడతాడు. వరుస మాత్రం తప్పడు.

కంపోజిటర్ ఎర్ర అట్ట పుస్తకం పేరు చెప్పాడు.

"దానికి మీరు రెండో మనిషి" అన్నాడు కొట్టాయన.

"మొదటి పిచ్చివాడెవడు?"

"ఆయనా మీ గురించి అదే అడుగుతాడు లెండి. రాయండి."

నెల తిరక్కుండా కబురొచ్చింది. ఎవరో ఇంజనీరు పోతే వాళ్ళవాళ్ళు పుస్తకాల బస్తాలు తెచ్చి పడేశారట. కంపోజిటర్ పుస్తకం తీసుకుని ఏడో అధ్యాయం తెరిచాడు. అంచున పెన్సిల్ అంకెలు. పక్కనే అచ్చుసిరా అంటిన బొటనవేలి ముద్ర. తన వేలే. తన పుస్తకమే.

"వరుసలో నా ముందు ఒకడున్నాడన్నావే?"

"ఫోన్ చేశాను. ఇంకెవరైనా అడిగారా అన్నాడు. ఒక ముసలాయన, మహా కోపిష్టి అన్నాను. అయితే ఆయనకే ఇచ్చేయండి, నా పేరు మాత్రం చెప్పొద్దు అన్నాడు."

"ఎవరు?"

"చెప్పొద్దన్నాడు కదండీ" అని కొట్టాయన నోటుబుక్కు ఆయన వైపు తిప్పి, టీ తెచ్చుకోవడానికి లేచాడు. "నేనైతే చెప్పలేదు."

పేజీలో ఫోన్ నంబరు ఉంది. భార్య వారానికి రెండుసార్లు, ఆయన చూడట్లేదనుకుని చేసుకునే నంబరు. బావమరిదిది.

కంపోజిటర్ మొహం గట్టిపడింది. చూశారా. కాజేసి, తెగనమ్ముకుని, మళ్ళీ అవసరం పడి వెతుక్కుంటున్నాడు. చివరికి భయపడి వదులుకున్నాడు. లెక్క ఎక్కడా తప్పలేదు. పుస్తకం చంకలో పెట్టుకుని నడుస్తుంటే ఆయనకు చాలాకాలం తర్వాత ఆకలి వేసింది.

నాలుగు రోజులు పట్టింది. పొద్దున్నే కూర్చుని, వెలుతురు ఉన్నంతసేపు చేశాడు. పట్టిక ప్రకారం ముక్కలు వరుసకొచ్చాయి. నాలుగో రోజు మధ్యాహ్నం 'ఇల్లు' తెరుచుకుంది.

అందులో ఉత్తరం లేదు. సూచనలున్నాయి.

*సూదీ దారం బిస్కెట్ డబ్బాలో, బీరువా కింది అర. మీ రెండో కళ్ళజోడు నా కుట్టుమిషన్ సొరుగులో. పాలు పెట్టి పక్కకి పోవద్దు, పోవాల్సొస్తే గిన్నె మీద అడ్డంగా గరిటె పెట్టండి. చలికాలం దుప్పట్లు పైన, కర్పూరం వేసి ఉంచాను. మాత్రలు ఖాళీ కడుపుతో వేసుకోకండి. పాలవాడు అబద్ధాలాడడు, మీరు ఊరికే దబాయించకండి.*

రెండు పేజీలు అలాగే. ఆయన లేచి బీరువా కింది అర లాగాడు. బిస్కెట్ డబ్బా, అందులో సూది. రెండేళ్ళుగా పిన్నీసు పెట్టుకున్న చొక్కా విప్పి గుండీ కుట్టుకున్నాడు. తర్వాత వచ్చి మళ్ళీ కూర్చున్నాడు.

పట్టికలో లేని ముక్కలు ఇంకా మిగిలి ఉన్నాయి. ఆమె కొట్టేసినవి. ఒకరు కొట్టేసింది చదవడం మర్యాద కాదు. ప్రూఫులు దిద్దిన ఇంట్లో ఆ మాత్రం తెలుసు. కానీ ఇందులో ఏదీ పోదని ఆమెకూ తెలుసు. ఆయన చదివాడు.

తొమ్మిది ముక్కలు. తొమ్మిదీ ఒకేలా మొదలయ్యాయి.

*ఎర్ర పుస్తకం తమ్ముడు తీయలేదండీ.*

మొదటిది అక్కడే ఆగింది. రెండోది ఇంకో అడుగు వేసింది. *నేనే పాత కాగితాలవాడికి వేసేశాను.* అయిదోది పొడుగ్గా ఉంది. *అచ్చాఫీసు మూతపడితే మీరు ఇంటికొస్తారనుకున్నాను. రాలేదు. పుస్తకం వెనకే ఉండిపోయారు. అది పోతే నాతో నాలుగు మాటలాడతారనుకున్నాను. మీరు తమ్ముడితో కూడా మాటలు మానేశారు. ఆరోజే చెప్పాల్సింది. నోరు రాలేదు. మీరు మర్చిపోరు కదా.*

ఏడోది: *తమ్ముడికి చెప్పాను. బావకి నేను వెతికి తెచ్చిస్తా, నువ్వు బయటపడకు అక్కా, ఆయన నిన్ను బతకనివ్వడు అన్నాడు. దొంగ అనిపించుకుంటూనే వెతుకుతున్నాడు.*

తొమ్మిదోదాని తేదీ ఆమె ఆ ఫైలును ఆఖరిసారి ముట్టుకున్న రోజుదే. *ఎర్ర పుస్తకం తమ్ముడు* అని ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు.

పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి కంపోజిటర్‌కు గుర్తు లేదు. పాలు పొంగిపోయిన వాసన వచ్చింది. లేచి పొయ్యి ఆపాడు. గరిటె పెట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం క్లాసుకు నడిచాడు. అదే గది. కొత్త బల్లలు, కొత్త మొహాలు. బావమరిది జుట్టు నెరిసింది. గుమ్మంలో బావను చూసి చేతిలో సుద్దముక్క అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

కంపోజిటర్ ఎర్ర పుస్తకం బల్ల మీద పెట్టాడు. అప్పటిలాగే అందరికీ వినపడేలా అన్నాడు.

"పదకొండేళ్ళ కింద ఇక్కడ నిలబడి నిన్నొక మాటన్నాను. అది తప్పు. ఈ పుస్తకం నువ్వు తీయలేదు."

విద్యార్థులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఎవరికీ ఆ మాట తెలియదు. అప్పుడు విన్నవాళ్ళు ఎక్కడెక్కడ స్థిరపడ్డారో.

బావమరిది గొంతు తగ్గించాడు. "కూర్చో బావా. టీ తెప్పిస్తా."

"వద్దు."

"పుస్తకం నీ దగ్గరే ఉంచుకో. నీ కోసమేగా వెతికింది."

"నాకు పనైపోయింది. అప్పుడు రెండుసార్లు అడిగావుగా. తీసుకో."

బావమరిది పుస్తకం ముట్టుకోలేదు. "బావా, మరి ఎవరు తీశారో..." అని ఆగి, ఆయన కళ్ళలోకి చూశాడు. "అక్క నీకేమైనా..."

"ఒరేయ్."

కంపోజిటర్ పుస్తకాన్ని అతని వైపు తోశాడు.

"ఆ సంగతి నా ముందు ఎత్తకు. ఇవాళ కాదు, ఎప్పుడూ. నేనూ ఎత్తను."

గుమ్మం దిగి వచ్చేశాడు. బావమరిది ఆ తర్వాత ఆదివారాలు రావడం మొదలుపెట్టాడు. తువ్వాలు తీసేసి ఆ కుర్చీలోనే కూర్చునేవాడు. పాలవాడి గురించి, రిపేరు మనిషి గురించి, గ్రంథాలయంలో దొరికిన ఆ చిన్న మంచి పుస్తకం గురించి మాట్లాడుకున్నారు. ఒక్కదాని గురించి తప్ప. దాని గురించి కంపోజిటర్ మళ్ళీ నోరు విప్పలేదు.