రెండు గేర్లా, నాలుగు గేర్లా

సీతారామరావు గారు తన షెవర్లే కారుకి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ వేయిస్తానన్నప్పుడు మొదట అప్పలసూరి సంబరపడ్డాడు. భాలుబాసాలోని అతని గ్యారేజీకి వచ్చేవన్నీ ఆటోలూ, టెంపోలూ, కాంట్రాక్టర్ల జీపులూ. యాభై ఆరు మోడల్ అమెరికన్ కారు అతనికి తెలిసి జంషెడ్‌పూర్ మొత్తం మీద అదొక్కటే.

"ఎడమ మోకాలు ఆపరేషన్ అయ్యాక క్లచ్ తొక్కలేకపోతున్నానయ్యా. అసలు క్లచ్చే లేకుండా చేసుకుంటే గొడవ వదిలిపోతుంది. కలకత్తాలో రెండు గేర్‌బాక్సులు దొరికాయి. ఏది వెయ్యాలో నువ్వూ చూసి చెప్పు," అన్నారాయన.

ఆయన స్టీలు ప్లాంటులో వాహనాల వర్క్‌షాపు ఇంజినీరుగా రిటైరయ్యారు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన అప్పలసూరి ఆ వర్క్‌షాపులోనే కాంట్రాక్టు ఫిట్టరు. డ్రాయింగు చదవడం, కొలత తియ్యడం అతనికి ఆయనే నేర్పారు. కాంట్రాక్టు ఊడిన ఏడాది, "ఎవడి కాళ్ళూ పట్టుకోకు, సొంతంగా షెడ్డు వేసుకో" అని ధైర్యం చెప్పి, తన కారునే మొదటి పనిగా తెచ్చి షెడ్డు ముందు నిలబెట్టారు. దాన్ని చూడటానికి ఆగిన జనమే తర్వాత బళ్ళు తెచ్చారు. అది జరిగి పదకొండేళ్ళు. ఇన్నేళ్ళలో పని లెక్కల్లో తప్ప ఆయన మాటకి అప్పలసూరి ఒక్కసారీ ఎదురు చెప్పలేదు.

2003 మే నెలలో రెండు గేర్‌బాక్సులూ లారీలో దిగాయి. ఒకటి ఆ కారు కాలం నాటిదే. ఉన్నవి రెండే గేర్లు. ఇనప దిమ్మలా బరువు, కానీ ఇంజనుకి నేరుగా అతుక్కుంటుంది, ఛాసిస్ మీద రంపం పెట్టక్కర్లేదు. రెండోది ఎనభైల నాటి ఏదో పికప్ బండిలోంచి తీసినది, నాలుగు గేర్లది. హైవే మీద ఇంజను అరవకుండా లాగుతుంది. కాకపోతే దాన్ని కూర్చోబెట్టాలంటే కింది అడ్డపట్టీ కోసి వెనక్కి జరపాలి, వెనక చక్రాల్ని తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు పొట్టి చెయ్యాలి. కార్బురేటర్ నుంచి దానికో కేబుల్ కూడా ఉంటుంది. అది వెంట్రుకవాసి తేడాగా బిగించినా లోపలి ప్లేట్లు మాడిపోతాయి.

"నాలుగు గేర్లదే వేద్దాం," అన్నారు సీతారామరావు. "మా ఆవిడని రాంచీ తీసుకెళ్తానన్నాను. అంత దూరం రెండు గేర్లతో ఈడ్చుకుంటూ పోతానా?"

"రెండు గేర్లదే మంచిది సార్. నెమ్మదిగా ఎల్తాది గానీ రగడ పెట్టదు. బండిని కొయ్యడానికి నాకు సేతులు రావు."

"బండి నాది, భయం నీదా?" అని నవ్వారాయన.

రెండు వారాలు ఆ వాదనతోనే హాయిగా గడిచిపోయాయి. ఆయన రోజూ పదిగంటలకి రిక్షాలో వచ్చేవారు. కాగితం మీద లెక్కలు వేసి చూపించేవారు. టీ తాగి, మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టేవారు.

ఒక మధ్యాహ్నం ఆయన కారు చుట్టూ తిరిగి షెడ్డు బయటి సిమెంటు గచ్చు మీదుగా కుళాయి దగ్గరికి వెళ్తున్నారు. ఎండకి ఆ గచ్చు మీద కాలు పెట్టే పరిస్థితి లేదు. కారు కింద పడుకుని ఉన్న అప్పలసూరికి టైరు పక్కన ఒంటి చెప్పు కనబడింది. కుడికాలిది.

"సార్! సెప్పు!" అని కేక వేశాడు.

ఆయన ఆగి కిందికి చూసుకున్నారు, ఇంకెవరి కాలో చూస్తున్నట్టు. "అరె," అన్నారు.

అప్పలసూరి పరుగున వెళ్ళి ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి పాదం పైకెత్తాడు. అరికాల్లో లేత్ మిషన్ నుంచి రాలిన ఇనప ముక్క ఒకటి దిగబడి ఉంది. రక్తం కారుతోంది. అతను దాన్ని పట్టుకారుతో లాగుతున్నంతసేపూ సీతారామరావు ముఖంలో చిన్న మార్పయినా లేదు. అడ్డపట్టీ ఎంత కొయ్యాలో చెప్పుకుపోతున్నారు.

"నొప్పి లేదా సార్?"

"షుగరు కదా. కాస్త మొద్దుబారాయి. వయసు మీద పడ్డాక ఇవన్నీ మామూలే."

ఆయన ఎడమకాలు క్లచ్ తొక్కలేకపోతోందని తప్ప అప్పలసూరి అంతవరకూ ఇంకేమీ ఆలోచించలేదు. బ్రేకూ యాక్సిలరేటరూ రెండూ తొక్కాల్సింది ఈ కుడికాలే.

ఆ పూట అన్నం సగంలో వదిలేశాడు. భార్య దేవి, "ఏటయ్యింది?" అని నిలదీస్తే చెప్పాడు.

"సార్ కాలికి కింద ఏటుందో తెలీదే. ఇప్పుడున్న గేర్లతోనైతే తప్పు తొక్కితే బండి ఆగిపోద్ది. ఆటోమేటిక్ అలాక్కాదు. బ్రేకు మీంచి కాలు తీత్తే సాలు, దానంతటదే కదిలిపోతాది. నేనే నా సేతుల్తో అది బిగించాలా?"

"మరైతే సెప్పీయ్. బయ్యమేటి?"

"ఏటని సెప్పను? నువ్వింక బండి తోలకు అనా? ఆ మనిసితోనా?"

చెప్పలేకపోయాడు. మర్నాడు అబద్ధమాడాడు. రెండు గేర్లదానికి లోపల బీట ఉందన్నాడు. నాలుగు గేర్లది ఎంత కోసినా ఆ కారుకి పట్టదన్నాడు.

సీతారామరావు టేపు తీశారు. నేల మీద కూర్చోవడానికి మోకాలు వంగదు, అందుకని పక్కకి ఒరిగి పడుకుని కొలిచారు. లేచాక చేతులు దులుపుకున్నారు.

"ఇంకా అంగుళం ఖాళీ ఉంది. అప్పలసూరీ, కొలవడం నీకు నేర్పింది నేను. ఎందుకు అబద్ధం చెప్తున్నావు?"

అప్పుడు నిజం చెప్పాడు. తడబడుతూ, తల దించుకుని, చెప్పకూడని క్రమంలో చెప్పాడు. "మీ కుడికాలు కూడా పనికిరాదు సార్" అన్న మాట ముందు నోట్లోంచి వచ్చేసింది.

సీతారామరావు ముఖం నల్లబడింది. "నిన్ను అడిగింది గేర్‌బాక్స్ గురించి. వైద్యం గురించి కాదు," అన్నారు. సాయంత్రానికి కారునీ, రెండు గేర్‌బాక్సులనీ వేరే గ్యారేజీ వాళ్ళ లారీ వచ్చి పట్టుకుపోయింది. కారు నిలిపే చోట నూనె మరక మిగిలింది. నెల రోజులు అక్కడ ఇంకో బండి పెట్టనివ్వలేదు అప్పలసూరి.

ఆగస్టులో సాక్చి బజారులో ఆయన భార్య రాజ్యలక్ష్మి గారు ఎదురయ్యారు. ఆవిడే పలకరించారు.

"ఈమధ్య మా ఇంటికి రావట్లేదేం? బండి తయారైంది తెలుసా? నాలుగు గేర్లదే వేయించారు. చిన్నపిల్లాడిలా తుడుస్తూ కూర్చుంటున్నారు. ఆపరేషన్ అయ్యాక ఆయన నవ్వగా చూడటం ఇదే మొదటిసారయ్యా."

కాలి సంగతి అతని నోటిదాకా వచ్చింది. ఆవిడ చేతిలో కూరల సంచీ, కళ్ళలో ఆ సంతోషం చూశాక మాట లోపలికి వెళ్ళిపోయింది. "మంచిది అమ్మగారూ," అన్నాడు. సంచీ అందుకుని రిక్షా దాకా మోశాడు. సార్‌కి ఒకసారి చెప్పానుగా అని దారంతా తనకి తాను నచ్చజెప్పుకున్నాడు.

అక్టోబరులో ఒక ఆదివారం ఉదయం, భార్యాభర్తలిద్దరూ కారులో బిష్టుపూర్ బయల్దేరారు. ఆవిడ గేటు తీస్తున్నారు. సీతారామరావు ఇంజను స్టార్టు చేసి గేరులో వేసి బ్రేకు మీద కాలు ఆనించాననుకున్నారు. కారు ముందుకి కదిలింది. ఆపడానికి ఇంకా గట్టిగా తొక్కారు. ఆ కాలు ఉన్నది యాక్సిలరేటరు మీద. కారు గేటుని తోసుకుంటూ పోయి, ఆవిడని స్తంభానికి అదిమేసి ఆగింది.

కబురు తెలిసి అప్పలసూరి ఆస్పత్రికి వెళ్ళేసరికి ఆవిడకి తుంటి ఆపరేషన్ అయి రెండు రోజులైంది. ప్రాణానికి భయం లేదన్నారు. మంచం పక్కన నిలబడ్డాడు. ఆవిడ అతని వైపు తల తిప్పారు.

"ఆయన నిన్న చెప్పారు. నీకు ముందే తెలుసటగా."

"తెలుసు అమ్మగారూ. సార్‌కి సెప్పాను."

"ఆయనకి చెప్పావు. ఆయన వినరని నీకు తెలుసు. సాక్చిలో నీ ఎదురుగా నిలబడ్డాను కదయ్యా, నాకెందుకు చెప్పలేదు?"

గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నట్టుంది. "ఆ రోజు మీరు నవ్వుతున్నారు అమ్మగారూ," అన్నాడు అప్పలసూరి. అది జవాబు కాదని అతనికే తెలిసింది. ఆవిడ ముఖం గోడ వైపు తిప్పుకున్నారు.

బయట వరండాలో సీతారామరావు బెంచీ మీద ఉన్నారు. గడ్డం మాసిపోయింది. అప్పలసూరిని చూసి జరిగి చోటిచ్చారు. అతను కూర్చోలేదు.

"సార్, లెగండి. కింద షుగరు డాక్టరున్నారు. సూపించుకుందాం."

"ఇప్పుడు చూపించుకుని ఏం లాభం?"

"సార్, పదండి. లెగండి." ఇన్నేళ్ళలో అతను ఆయనకి ఇచ్చిన మొదటి ఆజ్ఞ అది. చెయ్యి పట్టుకుని లేపాడు. ఆయన లేచారు.

కింద గదిలో డాక్టరు కుర్ర మనిషి. సీతారామరావుని బల్ల మీద పడుకోబెట్టి, కళ్ళు మూసుకుని, సూది తగిలినప్పుడల్లా చెప్పమని, "జబ్ లగే తో బోలియేగా," అని హిందీలో చెప్పాడు. చేతిలో గుండుసూది. బొటనవేలి కింద గుచ్చాడు. మడమ మీద గుచ్చాడు. అరికాలి మధ్యలో గుచ్చి, పక్కకి జరిపి మళ్ళీ గుచ్చాడు. అప్పలసూరి పళ్ళు బిగపట్టి చూస్తున్నాడు.

సీతారామరావు కళ్ళు గట్టిగా మూసుకుని ఎదురుచూస్తున్నారు. కాసేపటికి, "షురూ కీజియే, డాక్టర్ సాబ్," అన్నారు, ఇంకా మొదలుపెట్టలేదనుకుని.

డాక్టరు సూది పక్కన పెట్టాడు. ఆయన కళ్ళు తెరిచి ముందు డాక్టరుని, తర్వాత అప్పలసూరిని చూశారు.

"ఎన్నిసార్లు గుచ్చాడు?"

"నాలుగుసార్లు సార్."

ఆయన బల్ల మీద లేచి కూర్చుని తన పాదాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు. డాక్టరు మందులు రాసి, పుండు పడకుండా రోజూ చూసుకోవాలని చెప్తుంటే బుద్ధిగా తలూపారు.

మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగారు. "బండికి ఎవరైనా మంచివాళ్ళని చూడు. అమ్మేద్దాం."

"సరే సార్."

"రాజ్యలక్ష్మికి నేనే చెప్తాను. బండి సంగతీ, ఈ సూది సంగతీ. నువ్వు బయట ఉండు."

అప్పలసూరి వరండాలోనే ఉండిపోయాడు. లోపల ఆయన గొంతు చాలాసేపు వినిపించింది. ఆవిడ గొంతు మాత్రం వినిపించలేదు.