బురద అంటని చెప్పులు

నిన్న తుడిచి గోడకు ఆనించిన చెప్పులే కదా ఇవి, ఇవాళ పట్టీల దాకా తడి బురద ఎక్కడిది, అని శ్రద్ధ ఇందుబాయి గడపలోనే ఆగిపోయింది, ఇంట్లో ఉన్నది ఇందుబాయి ఒక్కతే, ఆమె కాళ్లు పొడిగా ఉన్నాయి, చెప్పులేమో ఆమె పెనిమిటి మాణిక్‌వి, మూడేళ్ల కింద మంజీర పొంగిన నాడు ఒడ్డున ఇవి దొరికాయి, మనిషి దొరకలేదు, అయినా ఇందుబాయి మాత్రం, బస్సెక్కి నిజామాబాద్ పోయిండు, అస్తడు, అనే అంటుంది, ఉత్త కాళ్లతో బస్సెవరు ఎక్కుతారని అడిగే నోరు మహారాష్ట్ర అంచున ఉన్న ఈ బిలోలిలో ఎవరికీ లేదు.

లోపల రెండు గ్లాసుల్లో చాయ్, రెండోది తనకేనేమో, తనకే అయ్యుండాలి, మరి తలుపు పక్కన ఖాళీ పీట ముందు ఎందుకు పెట్టింది, అంతా తాను చేజేతులా చేసుకున్నదే, ఇక్కడ ఇంటింటా తెలుగే మాట్లాడతారు గానీ చదివింది మరాఠీ బడిలో, ఈ గల్లీలో తెలుగు అక్షరం చదవగలిగేది బోధన్‌లో అమ్మమ్మ దగ్గర చదువుకున్న తానొక్కతే, అందుకే నెల రోజులుగా మధ్యాహ్నం పూట ఇందుబాయికి ఒక తెలుగు నవల చదివి వినిపిస్తోంది, అందులో ఊరొదిలిన ప్రియుడు వాన పడ్డప్పుడల్లా నాయిక దగ్గరికొస్తాడు, ఏం మాటలు, ఏం ప్రేమ, ఇందుబాయి చెరుగుతున్న చేట ఆపి మరీ వినేది, నిన్న చదవబోయే ముందు ఆఖరి రెండు పేజీలు తిరగేస్తే తెలిసింది, వాడు కథ మొదలుకాక ముందే చచ్చిపోయాడట, అమ్మో, ఈ మనిషి ముందు ఇది ఎట్లా చదవడం, చివర్లో మాట మార్చే నవలలంటే తనకే ఒళ్లుమంట, అయినా నోటికొచ్చింది అల్లేసింది, వాడు తిరిగొచ్చి తలుపు కొట్టాడు, కథ కంచికి, పట్టుకునేదెవరు అనుకుంది, ఇప్పుడీ పిచ్చితల్లి నమ్మి చాయ్ పోసి కూర్చుంది, లేక నిజంగానే మాణిక్ వచ్చాడా, ఛీ, ఏం ఆలోచన, ఆ చెప్పులు ఇందాక గోడ పక్కన కదా ఉన్నాయి, ఇంత దగ్గరికి ఎప్పుడొచ్చాయి, కాదు, తానే వెనక్కి అడుగేసింది.

కూసో బిడ్డా, అంది ఇందుబాయి, ఆ బురద నేనే పూసిన, శ్రద్ధకు ప్రాణం లేచొచ్చినట్టే వచ్చి మళ్లీ పోయింది, ఎందుకు పెద్దమ్మా, అని కూచుంటే ఆమె పుస్తకం తెచ్చి శ్రద్ధ ఒళ్లో పెట్టింది, కథల వాడు గంత వానల అచ్చినా వాని చెప్పులకు బురద అంటలే, కుక్క మొరగలే, వాడు బతికి లేడని రెండో దినమే నాకు ఎరుకైంది, నిన్న నువ్వు పేజీ తిప్పకుండనే తిరిగొచ్చిండని చదివినవ్, గట్లయితే బతికి అచ్చినోని చెప్పులకు బురద ఉండాలె గదా, నా పెనిమిటి చెప్పులకు పూసిన, చాయ్ పోసిన, పొద్దుగాల సంది చూస్తున్న, బురద ఉంది గని మనిషి లేడు బిడ్డా, ఉన్నది ఉన్నట్టు చదువు.

రెండో గ్లాసు తెచ్చి శ్రద్ధ చేతికిచ్చింది, చాయ్ ఎప్పుడో చల్లారిపోయింది, శ్రద్ధ సిగ్గుతో పుస్తకం తెరిచింది, తెలుగు అక్షరం రాని మనిషి తన వేళ్లను చదివింది, బురద లేని చెప్పులు ముందే చూపించిన రచయిత మాట తప్పలేదు, తప్పింది తానే, ఆమెను ఏడిపించకూడదని ఇంకో రోజు తలుపు వైపు చూస్తూ కూర్చోబెట్టింది, పేజీ తిప్పింది, ఉన్నది ఉన్నట్టు చదవడం మొదలుపెట్టింది, ఆ చావు వినడానికి ఆమె మూడేళ్లుగా సిద్ధంగానే ఉంది, చదివేవాళ్లే దొరకలేదు.